తొమ్మండుగురు: ఒక సంఖ్య కథ

అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుండుట ఆ దేశపు రాజ్యాంగమంత ప్రాచీనమని తలచువారు పెక్కురు గలరు గాని, ఆ సంఖ్య రాజ్యాంగమున ఎచ్చటను లేదు; మన పార్లమెంటువలెనే అచ్చటి కాంగ్రెసును సామాన్య శాసనముతోనే దానిని పెంచవచ్చును, తగ్గింపనువచ్చును.

1789లో ఆర్గురితో మొదలయ్యెను. న్యాయమూర్తులు గతుకుల బాటలపై బండ్లలో ఊరూర తిరిగి విచారణలు జరుపవలసిన ఆ దినములలో, పడమట రాష్ట్రములు వెలసినకొలది న్యాయమండలములును, వానితో న్యాయమూర్తులును హెచ్చి, 1807లో ఏడ్గురు, 1837లో తొమ్మండుగురు, 1863లో పదుగురైరి. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సనుతో వైరము పూనిన కాంగ్రెసు 1866లో, ఖాళీలు పూరింపక సంఖ్యను ఏడునకు దించవలెనని శాసింపగా, పాప మాయన ఒక్క న్యాయమూర్తినైనను నియమింపకయే దిగిపోయెను. 1869లో తొమ్మిది మరల వచ్చెను.

తన ఆర్థిక శాసనములను వరుసగా కొట్టివేయుచున్న న్యాయస్థానముపై విసిగి, డెబ్బది యేండ్లు దాటియు విరమింపని ప్రతివానికి ఒక క్రొత్తవాని చొప్పున ఆర్గురిదాక చేర్చుటకు 1937లో అధ్యక్షుడు రూజ్వెల్టు బిల్లు తేగా, అది నలుగుచుండగనే, కనీసవేతన శాసనమును నిలబెట్టిన తీర్పున న్యాయమూర్తి ఓవెన్ రాబర్ట్సు అనుకూల పక్షమున కానవచ్చెను. ఆయన ఓటు బిల్లు వెలువడకమునుపే ఆంతరంగిక సమావేశమున పడినది. అయినను బెదరి మాఱెనను అపవాద మాయనను విడువలేదు. బిల్లు సెనేటులోనే మట్టిగఱచెను.

ఆ రాబర్ట్సే పదవి విడిచిన పిదప, తొమ్మిదిని రాజ్యాంగసవరణచే స్థిరపఱుపవలెనని వాదించుట ఈ కథలో నాకు మిక్కిలి రుచించిన ఘట్టము. ఒత్తిడిని లోపలినుండి చూచినవాని మాటకు బరువు వేఱు. మేరీలాండు సెనేటరు జాన్ మార్షల్ బట్లరు, సంఖ్యతోపాటు డెబ్బదియైదేండ్ల నిర్బంధ విరమణను గూడ జోడించి తెచ్చిన సవరణను 1954 మే 11న సెనేటు 58–19 ఓట్లతో ఆమోదించెను. ఆఱు దినములకే, పాఠశాలలలో జాతివివక్షను త్రోసిపుచ్చిన బ్రౌను తీర్పు వెలువడెను. ప్రతినిధుల సభలో ఆ సవరణ ముందుకు సాగలేదు.

2021లో డెమోక్రాట్లు కొందఱు పదుమువ్వురు కావలెనని బిల్లు తేగా, రిపబ్లికనులు తొమ్మిదిని రాజ్యాంగమున చెక్కవలెనని సవరణలు ప్రతిపాదించిరి. న్యాయస్థానము తమకు అనుకూలమైనపుడే సంఖ్య పవిత్రమగుట రాజకీయములలో వింత గాదు. శాసనమునకు సభలలో సాధారణాధిక్యము చాలును. సవరణకు ఉభయసభలలో మూడింట రెండువంతులును, ముప్పదియెనిమిది రాష్ట్రముల సమ్మతియు వలయును.