మాట వెనుక కథ: ధర్మకర్త

మదనపల్లె, పుంగనూరు వైపు ‘ధర్మకర్త’ అంటే ముందు గుర్తొచ్చేది గుడే. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్నప్పుడు ధర్మమంటే దానం. అయినా ధర్మకర్త దాత కాడు. దాత ఒప్పగించిన సొమ్ముకు కాపలాదారు, అంటే ట్రస్టీ. 

1882 నాటి ట్రస్టుల చట్టం లెక్కన ప్రైవేటు ట్రస్టులో ఆస్తి ధర్మకర్త పేరున ఉంటుంది, ఫలం మాత్రం లబ్ధిదారుది. మైనరు పిల్లల చదువుకు పెట్టిన ట్రస్టు నిధి తీరు ఇదే. అన్నదానం వంటి ధార్మిక ట్రస్టులకు ఆ చట్టం వర్తించదు, అయినా కాపలాదారు బాధ్యత అదే. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి భక్తులిచ్చిన విరాళాలు బ్యాంకుల్లో ఉంటాయి. వడ్డీ వంటశాలకు వెళ్తుంది. అసలు కదలదు. హార్స్లీ హిల్స్‌కు దగ్గర్లోని రిషివ్యాలీ బడిని నడిపే కృష్ణమూర్తి ఫౌండేషన్ కూడా ట్రస్టే.

విరాళమిచ్చేముందు ట్రస్టు పత్రం, ఏటేటి లెక్కలు అడిగి చూడండి.