జంషెడ్‌పూర్: చిన్న విక్రేతలు, ఆన్‌లైన్ వేలం విపణులు

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లోనూ, ఖర్కాయి నదికి ఆవల ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోనూ ఆన్‌లైన్ వేలానికి ఉక్కు, తుక్కు వ్యాపారంతో గాఢమైన సంబంధం ఉంది. టాటా స్టీల్, సెయిల్ సంస్థలు సమాన వాటాలతో 2001లో నెలకొల్పిన ఎంజంక్షన్, 1964లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ రంగంలో ముఖ్యమైన వేదికలు. పాటదారులు ధర పెంచుకుంటూ పోయే ఆరోహణ వేలంలో పాల్గొనేవారు ముందుగా ధరావతు, అంటే పాట గెలిచి వెనక్కి తగ్గకుండా హామీగా ఉంచే సొమ్ము, చెల్లించడం పరిపాటి. ఈ వేదికలు ప్రధానంగా పెద్ద సంస్థల సరుకు కోసం రూపొందినవి కనుక చిన్న పరిశ్రమలకు అమ్మకందారుగా కంటే కొనుగోలుదారుగానే ఎక్కువ అవకాశం దక్కుతుంది. ఇది విచారించదగిన లోటే.

చిల్లర సరుకు అమ్మేవారికి బాజీ అనే వేలం విపణి ఉండేది. 2004లో దాన్ని ఈబే కొనుగోలు చేసింది. 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడినప్పుడు, కొనుగోలుదారుల మెచ్చుకోళ్లతో విక్రేతలు అక్కడ కూడబెట్టుకున్న పేరు కొత్త విపణికి వారి వెంట రాలేదు. ఇక విపణిని ఎంచుకునేటప్పుడు రుసుము ఎంత తక్కువన్నదానికంటే పాటదారులు ఎందరు వస్తారన్నది ముఖ్యం, ఎందుకంటే పోటీ లేని వేలంలో ధర ప్రారంభ స్థాయి దాటదు. స్వల్ప టర్నోవరు గలవారు ఆన్‌లైన్ విపణిలో అమ్మడానికి జీఎస్టీ నమోదు కూడా అడ్డంకిగా ఉండేది; 2023 అక్టోబరు 1 నుంచి, రాష్ట్రం లోపల మాత్రమే సరుకు అమ్మేవారికి షరతులతో మినహాయింపు లభించింది.