భట్టిప్రోలు స్ఫటికసముద్గము

కృష్ణానది బెజవాడయొద్దఁ గొండల నడుమనుండి వెలువడి సముద్రాభిముఖముగాఁ బ్రవహించు పల్లపునేలలో, రేపల్లెకు సమీపమున, భట్టిప్రోలను గ్రామము గలదు. అచ్చటి బౌద్ధస్తూపపు టిటుకలు పందొమ్మిదవ శతాబ్దిలో బాటలకును, ఱాళ్లు కాలువపనులకును గొనిపోఁబడెను. మిగిలిన గర్భభాగమును 1892వ సంవత్సరమున అలెగ్జాండరు రీ దొర త్రవ్వింపఁగా మూఁడు శిలామంజూషలు లభించెను. వానిలో స్ఫటికపు బరిణెలును, అస్థిశకలములును, స్వర్ణపుష్పములును, ముత్యములును నుండెను. మంజూషలమీఁది ప్రాకృతశాసనములను బ్యూలరు పండితుఁడు 1894లోఁ బ్రకటించెను.

ఇవి క్రీస్తునకుఁ బూర్వము మూఁడవ, రెండవ శతాబ్దులవని పండితుల యభిప్రాయము. ఒక శాసనమునందుఁ గుర యనువాఁడును నాతని తలిదండ్రులును బుద్ధధాతువుల నుంచుటకై మంజూషను, 'ఫాళిగషముగ'మును జేయించిరని యున్నది. వేఱొకదానియందుఁ గుబిరకరాజు ముఖ్యుఁడుగాఁ గల గోష్ఠివారి స్ఫటికసముద్గమును, పాషాణసముద్గమును జెప్పఁబడినవి. సముద్గకమునకు సంపుటకము పర్యాయమని యమరము. అనఁగా మూఁతగల బరిణె.

ఇందు శబ్దస్వరూపము విచారింపఁదగినది. వరరుచి ప్రాకృతప్రకాశమున స్ఫటికశబ్దమునందలి టకారమునకు లకారమును, కకారమునకు హకారమును విధించెను. అట్లు 'ఫలిహో' యను రూపము సిద్ధించును. భట్టిప్రోలు శాసనమునందో టకారస్థానమున ళకారమును, కకారస్థానమున గకారమును గానవచ్చుచున్నవి. అఱవమునందలి 'పళింగు', తెలుఁగునందలి 'పలుగుఱాయి' యను మాటలలోను గకారమే యున్నది. ఈ మాటలను వ్యాకరణసిద్ధమైన ఫలిహశబ్దముతోఁ గాక శాసనస్థమైన ఫాళిగశబ్దముతోఁ బోల్చి చూచుట యుక్తము. సూత్రములు చెప్పని రూపములు శిలలమీఁద నిలిచియుండుట కిది యుదాహరణము.

పలుగు మిక్కిలి కఠినము. ఉలిదెబ్బకుఁ బగులునే కాని చెక్కుటకు లొంగదు. కురువిందపుఁ బొడిని నీటఁ గలిపి రాచి, బరమాతో లోపలఁ దొలిచి, పిదప మెఱుఁగుపెట్టవలెను. ఒక చిన్నబరిణె కైనను బహుదినముల యోర్పు కావలెను.

ఈ విద్యయే పండ్రెండువందల యేండ్లకుఁ బిమ్మట మహమ్మదీయరాజ్యములందుఁ బరమోత్కర్ష నందెను. బస్రానగరమున స్ఫటికపాత్రలు చేయుదురని అల్ బీరూనీ వ్రాసెను. కైరోనగరమున ఫాతిమీ ఖలీఫాల కాలమున నిర్మింపఁబడిన కూజాలు జగత్ప్రసిద్ధములు. వెనిసునగరపు సెయింటు మార్కు దేవాలయమునందలి కూజామీఁద, 975 మొదలు 996 వఱకు నేలిన అల్ అజీజు ఖలీఫా పేరు చెక్కఁబడియున్నది. ఖలీఫాల కోశాగారము పదునొకండవ శతాబ్దిలోఁ జెదరిపోయెను. అట్టి పాత్రలు కొన్ని యూరపు దేవాలయములఁ జేరి క్రైస్తవసిద్ధుల ధాతువులకు నిలయములయ్యెను.

కైరో కూజా సభలోఁ జూపుటకు, భట్టిప్రోలు బరిణె యెవరికిని గానరాకుండ స్తూపగర్భమునఁ దాఁచుటకు నుద్దేశింపఁబడినవి. అందుచేతనే యొకదానిమీఁద సింహములు, లతలు వెలసెను. రెండవదానికి నిర్మలత్వమే యలంకారమయ్యెను. అయినను నిర్మలశిలయే పవిత్రవస్తువునకుఁ దగిన యునికిపట్టను భావము తూర్పునఁ బడమటను సమానము.

ఇటుకలు గొనిపోయినవారికిఁ జిక్కక యీ బరిణెలు మిగులుట దైవికము. దిబ్బల నిటుకలగనులని తలఁచునంతకాల మిట్టి శబ్దము లెన్ని బాటలక్రిందఁ బడిపోవునో! శాసనముల నక్షరాక్షరముగఁ బఠించుట చరిత్రకారులకే కాక వైయాకరణులకును విధి.