వరి మాగాణుల్లో పప్పుధాన్యాల పటం

ఖరీఫ్ వరి కోసాక ఖాళీగా ఉండిపోయే భూముల్లో పప్పుధాన్యాలు ఎక్కడ పండుతాయో ఉపగ్రహ చిత్రాలు, భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్) సాయంతో గుర్తించే పద్ధతి. దక్షిణాసియాకు ఇలాంటి తొలి సమగ్ర అంచనాను పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థ కలిసి 2001లో వెలువరించాయి. అందులో తేలిన ఖాళీ భూమి సుమారు 1.43 కోట్ల హెక్టార్లు. నూటికి ఎనభై పాళ్లకు పైగా భారతదేశంలోనిదే.

ఖరీఫ్ చిత్రంలో వరిగా కనబడి, రబీ చిత్రంలో పచ్చదనం లేని చోటే ఖాళీ భూమి. దానిపై నేల రకం, తేమ నిలుపుకునే శక్తి, ఉష్ణోగ్రతల పొరలు పరుస్తారు. చలి రాత్రులుండే చోట శనగ, వెచ్చని కోస్తాలో మినుము, పెసర నప్పుతాయి. కృష్ణా డెల్టా రైతులు కోతకు కొద్దిరోజుల ముందే, బురద ఆరకముందే, నిలిచి ఉన్న వరిలో మినుము చల్లుతారు. మిగులు తేమే ఆ పంటకు ఆధారం.

పద్ధతికి పరిమితీ పెద్దదే. అప్పటి భారత దూరసంవేదన (ఐఆర్ఎస్) ఉపగ్రహాల వైఫ్స్ కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) 188 మీటర్ల చదరంగా ఉండేది, అంటే దాదాపు తొమ్మిదెకరాలు. చిన్న కమతాలు అందులో కలిసిపోయేవి. ఊరి పశువులను కోతల తర్వాత చేలలోకి వదిలే అలవాటు ఏ పటంలోనూ కనబడదు. విత్తాలా వద్దా అన్నది చాలాచోట్ల తేల్చేది అదే.