ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా: దొరదా, పండితులదా?

కడప ఎర్రముక్కపల్లెలో ఉన్నది సి.పి. బ్రౌన్ దొర ఇల్లు కాదు, ఆయన పేరు పెట్టుకున్న కొత్త గ్రంథాలయం అని కోస్తా పెద్దలు కొందరు తేల్చేస్తుంటారు. గోడలు కొత్తవే, కాదనం. పాత బంగళా శిథిలమైపోతే, ఆ జాగాలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, చందాలు కూడబెట్టి, 1987లో పునాదిరాయి వేయించారు. ఆయనే లేకుంటే ఈపాటికి అక్కడ ఏ అపార్ట్‌మెంటో లేచి ఉండేది, మనం దాని ముందు నుంచే బస్టాండుకు పోతూ ఉండేవాళ్లం.

వాళ్ల రెండో మాటకు మాత్రం బలముంది. 1820లో మా కడపకు కొలువుకొచ్చిన బ్రౌన్, బందరుకు బదిలీ అయ్యాకే వేమన పద్యాల వెంట పడ్డాడు. 1829లో ఆ పద్యాలు అచ్చయింది మద్రాసులో. ఇక కడపకు మిగిలిందేమిటని అడుగుతారు.

మిగిలింది ఇల్లే. మళ్లీ కడపకు వచ్చినప్పుడు ఆయన ఇక్కడ బంగళా, తోట కొన్నాడు. పండితులను, రాయసగాళ్లను సొంత డబ్బుతో జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఊరూరా తాళపత్రాలు తెప్పించడం, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకుని పాఠాలు సరిచూడడం, తప్పులు దిద్ది శుద్ధప్రతి రాయించడం, వ్యాఖ్య కూర్పించడం: ఇదీ అక్కడ జరిగిన పని. దొర వేరే ఊళ్లకు పోయినా అది ఆగలేదు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అజమాయిషీలో సాగింది. యజమాని లేకున్నా పని సాగిన ఇంటిని ఆయన నివాసమని మాత్రమే చెప్పడం నాకు నచ్చదు. అది పండితుల బడి. మా కడప రచయితలు సైతం దొర గొప్పతనం పేజీల కొద్దీ రాసి, కృష్ణారెడ్డిని ఒక్క వాక్యంలో దాటేశారు. నా కోపం కోస్తా పెద్దల మీదకన్నా వీళ్ల మీదే ఎక్కువ.

ఇప్పుడక్కడి గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న భాషా పరిశోధన కేంద్రం. మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలను, అంటే కైఫీయత్తులను, పరిష్కరించి సంపుటాలుగా అచ్చువేసి, పాత పనినే ముందుకు తీసుకుపోయింది. కానీ బ్రౌన్ పోగుచేసిన రాతప్రతులను చూడాలంటే మనం చెన్నై ప్రాచ్య లిఖిత భాండాగారానికి పోవాలి. అసలు ప్రతులు అక్కడే ఉండనీ. కడపలో మన పండితులు సరిచూసిన ప్రతులకు నకళ్లు తీయించి ఎర్రముక్కపల్లెలో పెట్టాలి, ప్రతి నకలు పక్కనా దాన్ని పరిష్కరించిన పండితుని పేరు రాయాలి.