ట్యాంకర్ వెనుక నాలుగంకెలు

వరంగల్ రహదారి మీద జనగామ దాటుతున్న పెట్రోల్ ట్యాంకర్ వెనకే పోతుంటే ఓ పలక కనిపిస్తుంది. దాని మీద ‘3వైఈ’, ‘1203’, మంట బొమ్మ, ఓ ఫోన్ నంబరు ఉంటాయి. చాలామంది అది కంపెనీ లెక్కల కోసం అనుకుంటారు. నిజానికి అది బండి బోల్తా పడితే ముందుగా పరుగెత్తుకొచ్చే మనిషి కోసం రాసినది.

1203 ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు. ప్రమాదకర సరుకుల రవాణాపై ఆ సంస్థ నిపుణుల కమిటీ తొలి సిఫార్సులు 1956లో వచ్చాయి. డీజిల్‌ది 1202, వంటగ్యాస్‌ది 1075, క్లోరిన్‌ది 1017. ఏ దేశంలో ఏ పేరుతో పిలిచినా అంకె మారదు.

అయితే సరుకేదో తెలిసినంత మాత్రాన ముందుగా ఏం చేయాలో తెలియదు. ఆ లోటు తీర్చింది హజ్‌కెమ్ కోడ్. 1970లలో లండన్ అగ్నిమాపక దళంలో పనిచేసిన చార్లెస్ క్లిఫర్డ్ దీన్ని రూపొందించారు. 3 అంటే నురగతో ఆర్పాలి. వై అంటే కారినది మురుగు కాలువల్లోకి పోకుండా కట్టడి చేయాలి, మంటలుంటే శ్వాస పరికరం తొడుక్కోవాలి. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. రసాయన శాస్త్రం తెలియని ఫైర్‌మన్ కూడా క్షణాల్లో పని మొదలుపెట్టగలడు. ఇంత పొదుపుగా ఇంత మేలు చేసిన రాత అరుదు.

మన దగ్గర 1984 భోపాల్ విషాదం తర్వాత చట్టాలు గట్టిపడ్డాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వచ్చాయి. 134వ నిబంధన పలక కొలతలు కూడా చెప్పింది: పేరు అక్షరాలు 50 మిల్లీమీటర్లు, అంకెలు 100 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. 9వ నిబంధన ప్రకారం ఈ బండి తోలేవారికి ఓ భారతీయ భాషతోపాటు ఇంగ్లిషూ చదవడం, రాయడం రావాలి, ప్రత్యేక శిక్షణా పొందాలి. లైసెన్సు మీద ఆ నమోదు ఇదివరకు ఏడాదికే చెల్లేది, 2019 సవరణతో మూడేళ్లకు పెరిగింది.

డ్రైవర్ చదవగలడు సరే. మానుకోట వైపు పొలాల మధ్య ట్యాంకర్ పడిపోతే ముందు చేరేది ఊరి జనం. పెట్రోల్ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. కంటికి కనబడకుండా పల్లానికి, గుంటల్లోకి జారుతుంది. ఎక్కడో వెలిగించిన బీడీ చాలు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తాపడ్డ ట్యాంకర్ నుంచి పెట్రోల్ పట్టుకోవడానికి బిందెలు, డబ్బాలతో చేరిన జనంలో 200 మందికి పైగా చనిపోయారు. ఆ పలక కింద తెలుగులో ‘దగ్గరికి రావద్దు, పెట్రోల్ పట్టవద్దు’ అన్న ఒక్క వరుస తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం.

భూపాలపల్లి కథ వేరు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో బ్లాస్టింగ్‌కు వాడే ఎమల్షన్ పంపు బండిలో వచ్చేటప్పుడు ఇంకా పేలుడు పదార్థం కాదు, నంబరు 3375. బోరు రంధ్రంలోకి పంపేటప్పుడు వేరే రసాయనం కలిస్తేనే పేలే గుణం వస్తుంది. డిటోనేటర్లను మామూలుగా వేరే బండిలోనే తెస్తారు. రెండింటినీ దూరంగా ఉంచడమే అక్కడి జాగ్రత్తంతా.

పలకకు తోడుగా క్యాబిన్‌లో ఓ కార్డు ఉండాలి. సరుకు స్వభావం, కారితే, మంటంటుకుంటే ఏం చేయాలన్నదీ అందులో ఉంటుంది. సరుకు పంపే కంపెనీ ఆ వివరాలను డ్రైవర్‌కు రాసి ఇవ్వాలి. ఆయన దాన్ని క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. చెక్‌పోస్టులో అడిగే కాగితాల్లో ఆ కార్డు మొదటిది కావాలి.