రోగానికి పొలిమేర లేదు

అత్తిముగం చుట్టుపక్కల ఊళ్ళలో ఆరోగ్య ఇన్‌స్పెక్టరు కొత్త మనిషి కాదు. తొట్టి మూత తీసి చూస్తారు, నీళ్ళలో బ్లీచింగు పొడి కలిపిస్తారు, ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడుగుతారు. చాలామంది గడపలోనే నిలబడి "ఎవరికీ ఏమీ లేదు సారూ" అని పంపేస్తారు. ఈ దాపరికానికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేరింది. 1898 ఆగస్టుకు బెంగుళూరు చేరింది. అప్పుడు మన హోసూరు మద్రాసు రాజధానిలోని సేలం జిల్లాలో ఉండేది. అత్తిబెలె చేరితే మైసూరు సంస్థానం. ఇళ్ళు సోదా చేయడానికి, రోగులను వేరుచేయడానికి 1897 నాటి అంటువ్యాధుల చట్టం అధికారులకు బలమిచ్చింది. రోగమున్న చోటి నుంచి మద్రాసు రాజధానిలోకి వచ్చేవారికి ప్లేగు పాస్‌పోర్టు ఇచ్చేవారు. అది పట్టుకుని పది రోజులపాటు అధికారి ముందు హాజరు కావాలి.

ప్లేగును మోసేది ఎలుకల మీది గోమారి అని సీమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లోనే చెప్పినా, వెంటనే ఎవరూ నమ్మలేదు. మనిషిని ఆపారు గాని ఎలుకను ఆపలేకపోయారు. ఆడవాళ్ళను పరాయి మగవాడు పరీక్షించడం, రోగిని ఇంటి నుంచి తీసుకుపోవడం జనానికి రోగం కంటే పెద్ద భయమయ్యాయి. అందుకే రోగిని దాచారు. దాచినకొద్దీ రోగం పాకింది.

1922లో మద్రాసు ప్రభుత్వం ప్రజారోగ్యానికి వేరే శాఖ పెట్టింది. వచ్చిన రోగాన్ని నయం చేయడం ఆసుపత్రి పని, రాకుండా చూడడం ఈ శాఖ పని. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. మన దేశంలో ఇటువంటి చట్టం ఇదే మొదటిది. తాగునీరు, మురుగుకాలువలు, అంటురోగాలు, సంతలు, తిరునాళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. హోసూరు చంద్రచూడేశ్వరస్వామి తేరు వంటి చోట జనం కూడితే నీళ్ళు, శుభ్రత చూడడం అధికారుల బాధ్యత అయింది. ఆ రోజుల్లో గ్రామ మునసబు చావుపుట్టుకల లెక్క రాసేవాడు. వరుసగా రెండు వాంతిభేది చావులు పడితే అదే మొదటి హెచ్చరిక. కాని ఆ లెక్కలో చాలా చావులు "జ్వరం" అన్న ఒక్క మాట కిందికే పోయేవి.

దారి మార్చింది మశూచి. 1970ల్లో ఆరోగ్య సిబ్బంది రోగి బొమ్మ ఉన్న కార్డు చూపిస్తూ ఇంటింటికీ తిరిగారు. రోగం ఎక్కడుందో చెప్పినవారికి బహుమతి ఇచ్చారు. వెనక పట్టి లాగింది అధికారమైతే, ఇప్పుడు అడిగి తెలుసుకున్నది నమ్మకం. 1975 తరువాత మన దేశంలో మశూచి లేదు.

ఇప్పుడు మన ముందున్నది డెంగీ. ఆ దోమ ఎక్కువగా మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి తొట్టి ఖాళీచేసి, లోపల రుద్ది కడగమంటారు. నీళ్ళు పారబోస్తే చాలదు, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.

మన దగ్గర నోటీసు అరవంలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగో కన్నడమో. ఆ నోటీసును ఇంటి భాషలో అవ్వతాతలకు చదివి చెప్పడం బడిపిల్లలు చేయగల పని. ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ వచ్చి అడిగినప్పుడు జ్వరం ఉంటే ఉందనే చెప్పండి. ఆ ఒక్క మాట పక్క వీధిని కాపాడుతుంది.